మాంసపు పశువుల సంకరణంలో ఆబోతు జాతి ఎంపిక – ఒంగోలు సంతతి అనుభవం నుండి పాఠాలు

తెలుగు నేలపై దుక్కికి, బండికి పేరుపొందిన ఒంగోలు జాతి సముద్రం దాటిన తరువాత మాంసోత్పత్తికి మూలాధారమైంది. బ్రెజిల్‌లో ఈ జాతిని నెల్లూరు పేరు మీద 'నెలోర్' అని పిలుస్తారు. ఇరవై కోట్లకు పైబడిన ఆ దేశపు పశువులలో అధికభాగం నెలోర్ రక్తం కలిగినవే. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ తీరంలో రూపొందిన బ్రాహ్మన్ జాతిలోనూ కాంక్రెజ్, గిర్, కృష్ణా వాలీ జాతులతో పాటు ఒంగోలు రక్తం కలిసి ఉంది. ఈ రెండు దేశాలలోనూ మూపురపు జాతులను ఐరోపా జాతులతో సంకరపరచి మాంసం ఉత్పత్తి చేస్తున్నారు. అక్కడి పశుపోషకుడు ప్రతి సంవత్సరం తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: తన ఆవులను ఏ జాతి ఆబోతుతో దాటించాలి?

'ఫలానా జాతి అన్నిటికన్నా మేలు' అన్న సమాధానం ఈ ప్రశ్నకు లేదు. ఒక మందలో లాభం తెచ్చిన ఆబోతే మరొక మందలో ఈత సమయంలో దూడనూ, కొన్నిసార్లు తల్లినీ పోగొట్టుకునే పరిస్థితి తెస్తుంది. ఆబోతు జాతిని ఎంచుకోవడానికి ముందు ఆవు, వాతావరణం, అంగడి, తరువాతి తరం పెయ్యల భవితవ్యం అనే నాలుగు అంశాలను పరిశీలించాలి. ఆ నాలుగింటిలో ఉన్న లోటును తీర్చగల జాతియే ఆ మందకు తగిన జాతి. ఈ సూత్రం ఆచరణలో ఎలా పనిచేస్తుందో, ఒంగోలు సంతతి పశువుల అనుభవం ఆధారంగా ఈ వ్యాసంలో వివరించడమైనది.

సంకరణం వలన కలిగే ప్రయోజనాలు

సంకరణం వలన రెండు విధాల ప్రయోజనం కలుగుతుంది. మొదటిది సంకర తేజం. తల్లిదండ్రుల జాతుల సగటు కంటే సంతానం మెరుగ్గా ఉండడమే సంకర తేజం. రెండవది పరస్పర పూరకత. ఒక జాతిలో లోపించిన గుణాన్ని మరొక జాతి సమకూర్చడం దీని అర్థం.

సంకర తేజం అన్ని గుణాలలో ఒకే స్థాయిలో కనబడదు. చూడి నిలవడం, దూడ బ్రతకడం, ఆవు ఎక్కువ ఈతల పాటు మందలో నిలవడం వంటి తక్కువ వంశపారంపర్యత గల గుణాలలో ఇది ఎక్కువ. పెరుగుదలలో మధ్యస్థం. మాంసం మృదుత్వం, కండలో కొవ్వు చారలు వంటి అధిక వంశపారంపర్యత గల గుణాలలో చాలా స్వల్పం. అందువలన మాంసపు నాణ్యతను సంకర తేజం ద్వారా ఆశించరాదు. ఆ గుణం ఉన్న జాతిని, ఆ జాతిలోనూ ఆ గుణం ఉన్న ఆబోతును ఎంచుకొని మాత్రమే దానిని సాధించాలి.

నెబ్రాస్కా రాష్ట్రంలో హెరిఫర్డ్, ఆంగస్, షార్ట్‌హార్న్ జాతులతో జరిగిన దీర్ఘకాల ప్రయోగాలు ఈ విషయంలో ప్రామాణికమైనవి. సంకరజాతి ఆవులకు సంకర దూడలను పుట్టించినప్పుడు, దాటించిన ఒక్కో ఆవుకు తల్లి నుండి వేరుచేసే నాటికి లభించిన దూడ బరువు శుద్ధజాతుల కంటే సుమారు 23 శాతం పెరిగింది. ఈ పెరుగుదలలో సగానికి పైగా దూడ సంకరం కావడం వలన గాక, తల్లి సంకరం కావడం వలన వచ్చింది. ఈ మూడూ బ్రిటన్ మూలం గల దగ్గరి జాతులు. బాస్ ఇండికస్, బాస్ టారస్ వర్గాలు జన్యుపరంగా ఎంతో దూరమైనవి కనుక వాటి మధ్య సంకర తేజం ఇంకా అధికంగా ఉంటుంది. ఒంగోలు సంతతికి విదేశాలలో లభించిన విలువకు ఇదొక ప్రధాన కారణం.

వేర్వేరు ఆబోతు జాతులను పోల్చడానికి నెబ్రాస్కాలోని క్లే సెంటర్ పరిశోధన కేంద్రంలో 1969లో ప్రారంభమైన జాతుల మూల్యాంకన కార్యక్రమం విద్యార్థులు గమనించదగినది. హెరిఫర్డ్, ఆంగస్ ఆవులకు అనేక జాతుల వీర్యాన్ని కృత్రిమ గర్భధారణ ద్వారా ఇచ్చి, పుట్టిన దూడలన్నింటినీ ఒకే మేపు, ఒకే యాజమాన్యం కింద పెంచారు. తల్లులు, పరిసరాలు సమానం కావడం వలన దూడల మధ్య తేడాను తండ్రి జాతికి ఆపాదించడం సాధ్యమైంది. అయితే ఆబోతు దూడకు ఇచ్చేది సగం జన్యువులే. కనుక సంకర తేజం సమానమని అనుకుంటే, ఇటువంటి ప్రయోగంలో కనబడే తేడా రెండు ఆబోతు జాతుల మధ్య అసలు తేడాలో సగమని గ్రహించాలి.

మొదటి అంశం: ఆవు

అమెరికా దక్షిణ తీరంలోని వేడి, తేమ, పిడుదుల బెడదను ఐరోపా పశువులు తట్టుకోలేకపోయాయి. పిడుదుల ద్వారా జ్వరం సంక్రమిస్తుందని 1893లో స్మిత్, కిల్‌బోర్న్ శాస్త్రీయంగా నిరూపించారు. అంతకు చాలా ముందే, 1854లో, లూసియానాలోని రిచర్డ్ బారో వద్దకు భారతదేశపు ఆబోతులు చేరాయి. వాటి సంతానం ఆ వాతావరణంలో నిలదొక్కుకోవడం చూసిన తరువాత ఇతర పశుపోషకులూ మూపురపు ఆబోతులను కోరుకున్నారు. 1924లో బ్రాహ్మన్ పెంపకందారుల సంఘం ఏర్పడింది. పొట్టి నున్నని వెంట్రుకలు, వదులైన చర్మం, సమర్థమైన చెమట గ్రంథులు, తక్కువ జీవక్రియా వేగం, పిడుదుల పట్ల నిరోధం అక్కడి ఆవులలో లేని గుణాలు. బ్రాహ్మన్ ఆబోతు తీర్చినది ఆ లోటునే.

బ్రెజిల్‌లో పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ మందలోని ఆవు నెలోర్. ఎండను, పిడుదులను, ఎండిన గడ్డిని తట్టుకొనే శక్తి ఆ ఆవులోనే ఉంది. లోపించినవి త్వరగా ఎదిగి వయస్సుకు రావడం, మృదువైన మాంసం. ఆ లోటును తీర్చడానికి అక్కడ ఆంగస్ వీర్యాన్ని విస్తారంగా వాడుతున్నారు. ఒక దేశంలో ఆవు ఐరోపాది, ఆబోతు మూపురపుది. మరొక దేశంలో ఆవు మూపురపుది, ఆబోతు ఐరోపాది. రెండు చోట్లా పుట్టే దూడలో ఇరు వర్గాల రక్తం సగం సగమే. అయినా ఈ రెండు సంకరణాలు సమానం కావు.

ఈత విషయంలో వాటి మధ్య తేడా స్పష్టంగా కనబడుతుంది. బ్రాహ్మన్ ఆబోతును హెరిఫర్డ్ లేదా ఆంగస్ ఆవుకు దాటించినప్పుడు పుట్టే దూడలు, ముఖ్యంగా కోడెదూడలు, ఎక్కువ బరువుతో పుడతాయి. అవే జాతులను తారుమారు చేసి ఐరోపా ఆబోతును బ్రాహ్మన్ ఆవుకు దాటిస్తే దూడ బరువు గణనీయంగా తగ్గుతుంది. మూపురపు ఆవు తన గర్భంలోని పిండం పెరుగుదలను పరిమితం చేస్తుంది. దీనికి తోడు, ఐరోపా జాతుల చూడి కాలం సుమారు 283 రోజులు కాగా మూపురపు జాతులది 290 రోజులు దాటుతుంది. మూపురపు తండ్రికి పుట్టే పిండం ఐరోపా తల్లి కడుపులో మామూలు కంటే ఎక్కువ రోజులు ఉంటుంది. కాబట్టి 'రెండు జాతులు కలిస్తే చాలు, ఏది తండ్రి అయినా ఒకటే' అన్న అభిప్రాయం సరికాదు.

ఈత కష్టం, దూడ నష్టం

ఆబోతు ఎంపికలో జరిగే పొరపాటుకు మొదటి శిక్ష ఈత సమయంలోనే పడుతుంది. దూడ పుట్టుక బరువు తల్లి కటి వైశాల్యానికి మించితే కష్టప్రసవం కలుగుతుంది. దూడ చనిపోవడమే గాక, బ్రతికిన ఆవు మళ్లీ ఎదకు రావడం, చూడి నిలవడం ఆలస్యమవుతాయి. వేలాది ఎకరాల బీడులో ఈనే ఆవుకు సకాలంలో సహాయం అందే అవకాశం తక్కువ. ఈ దృష్టితో ప్రధాన ఆబోతు జాతులను కింది విధంగా వర్గీకరించవచ్చు.

• ఆంగస్, హెరిఫర్డ్: బ్రిటన్ జాతులు. మధ్యస్థ శరీరం, త్వరగా వయస్సుకు రావడం, కొవ్వు చారలు గల మాంసం. ఆంగస్ దూడల పుట్టుక బరువు సాధారణంగా తక్కువ. తొలిచూలు పెయ్యలకు తగినవి.

• షారోలే, సిమెంటల్, లిమొజిన్: ఐరోపా ఖండపు జాతులు. ఎక్కువ కండ, తక్కువ కొవ్వు. షారోలే, సిమెంటల్ దూడలు వేగంగా పెరుగుతాయి గాని పుట్టుక బరువు కూడా ఎక్కువ. ఈని అనుభవమున్న పెద్ద ఆవులకే వాడాలి.

• బెల్జియన్ బ్లూ, పీడ్‌మాంటీస్: మయోస్టాటిన్ జన్యువులోని మార్పు వలన కండ అసాధారణంగా పెరిగే జాతులు. శుద్ధ బెల్జియన్ బ్లూ ఆవులకు శస్త్రచికిత్స ద్వారా దూడను తీయడం సర్వసాధారణం. సంకరణంలో ఈ మార్పుకు ఒకే ప్రతి చేరుతుంది కనుక తీవ్రత తగ్గుతుంది. అయినప్పటికీ జాగ్రత్త అవసరం.

• బ్రాహ్మన్, నెలోర్: వేడిని, పిడుదులను తట్టుకొనే జాతులు. దీర్ఘకాలం ఈనే ఆవులనిస్తాయి. ఐరోపా జాతి తొలిచూలు పెయ్యలకు ఈ ఆబోతులను వాడరాదు.

జాతి నిర్ణయంతో ఎంపిక ముగియదు. ఒకే జాతిలోని ఆబోతుల మధ్య తేడాలు కూడా పెద్దవే. పుట్టుక బరువు, ఈత సౌలభ్యం, తల్లి నుండి వేరుచేసే నాటి బరువు, ఏడాది వయస్సు బరువులకు సంబంధించి ఆబోతు సంతానంలో ఆశించదగిన వ్యత్యాసాన్ని అంచనా వేసి జాతి సంఘాలు ప్రకటిస్తాయి. ఒక జాతి అంచనాను మరొక జాతి అంచనాతో నేరుగా పోల్చరాదు. ఇందుకోసం క్లే సెంటర్ కేంద్రం రూపొందించిన సవరణ అంకెలను కలిపిన తరువాతనే పోల్చాలి. తొలిచూలు పెయ్యల విషయంలో ఈత సౌలభ్యపు అంచనాకు, పెద్ద ఆవుల విషయంలో పెరుగుదల అంచనాకు ప్రాధాన్యమివ్వడం ఆచరణీయం.

రెండవ అంశం: వాతావరణంలో ఆబోతు మనుగడ

దూడకు ఆ వాతావరణం సరిపడినంత మాత్రాన తండ్రికీ సరిపడుతుందని చెప్పలేము. నెలోర్ తల్లికి, ఆంగస్ తండ్రికి పుట్టిన దూడకు సగం మూపురపు రక్తం ఉంటుంది. కాని ఆంగస్ ఆబోతుకు ఆ రక్షణ లేదు. మధ్య బ్రెజిల్ బయళ్లలో అది మేత మాని నీడను ఆశ్రయిస్తుంది. వృషణాలు వేడెక్కి వీర్యం నాణ్యత పడిపోతుంది. వీర్యకణం తయారు కావడానికి సుమారు 60 రోజులు పడుతుంది కనుక, కొద్ది రోజుల తీవ్రమైన ఎండ ప్రభావం కూడా రెండు నెలల పాటు చూడి శాతాన్ని తగ్గించగలదు. ఈ కారణంగా బ్రెజిల్‌లో ఆంగస్ జన్యువులు ప్రధానంగా వీర్యం రూపంలోనే మందలోకి ప్రవేశిస్తాయి. హార్మోన్ల సహాయంతో ఆవులన్నింటినీ ఒకే రోజున ఎదకు సిద్ధం చేసి, నిర్ణీత సమయంలో గర్భధారణ చేయించే పద్ధతి దీనిని విస్తృతంగా సాధ్యం చేసింది. చూడి నిలవని ఆవుల కోసం మందలో వదిలే ఆబోతు మాత్రం నెలోర్ అయి ఉంటుంది, లేదా వేడికి అలవాటుపడిన సెనెపోల్, కరాకు వంటి మూపురం లేని జాతులలో ఒకటి అయి ఉంటుంది.

సెనెపోల్ కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రాయ్ దీవిలో రూపొందిన జాతి. ప్రొలాక్టిన్ గ్రాహక జన్యువులోని ఒక మార్పు వలన ఈ జాతికి మిక్కిలి పొట్టి, నున్నని వెంట్రుకలు ఉంటాయి. ఒక్క ప్రతి ఉన్నా ఈ గుణం వ్యక్తమవుతుంది కనుక సంకర దూడలకూ అందుతుంది.

మూడవ అంశం: అంగడి

దూడను ఎవరు, ఏ రూపంలో కొంటారన్నది మూడవ అంశం. మూపురపు రక్తం శాతం పెరిగేకొద్దీ మాంసం మృదుత్వం తగ్గుతుందని క్లే సెంటర్ ప్రయోగాలలో వెల్లడైంది. పశువును కోసిన తరువాత కండరాన్ని మెత్తబరచే ఎంజైములను కాల్పాస్టాటిన్ అనే ప్రోటీన్ అడ్డుకుంటుంది. మూపురపు పశువులలో దీని క్రియాశీలత ఎక్కువ. అమెరికాలో 1978లో మొదలైన ఆంగస్ మాంసపు ధ్రువీకరణ పథకంలో మూపురం ఎత్తు 2 అంగుళాలు మించిన కళేబరానికి ఆ ముద్ర లభించదు. కనుక దక్షిణ తీరపు పశుపోషకుడు ఆవులలో బ్రాహ్మన్ రక్తాన్ని నిలుపుకుంటూనే, అమ్మకానికి వెళ్లే దూడలలో దానిని పావు వంతుకు పరిమితం చేయడానికి ప్రయత్నిస్తాడు. హెరిఫర్డ్, బ్రాహ్మన్ సంకరపు చారల ఆవును ఆంగస్ ఆబోతుతో దాటించడం అందుకు ఒక మార్గం. తల్లిలో సంకర తేజం పూర్తిగా ఉంటుంది. దూడలో మూపురపు రక్తం నాలుగవ వంతే ఉంటుంది.

నాలుగవ అంశం: తరువాతి తరం

మొదటి తరం సంకర దూడలు బాగుంటాయి. ఆ తరంలోని పెయ్యలకు ఏ ఆబోతును వాడాలన్నది చాలా మందలలో ఆలోచించకుండా వదిలివేసే విషయం. నెలోర్–ఆంగస్ సంకర పెయ్యను తిరిగి ఆంగస్‌తో దాటిస్తే దూడలో ఆంగస్ రక్తం 75 శాతానికి చేరుతుంది, సంకర తేజం సగానికి పడిపోతుంది, ఎండను, పిడుదులను తట్టుకొనే శక్తి తగ్గుతుంది. నెలోర్‌తో దాటిస్తే తట్టుకొనే శక్తి పెరుగుతుంది గాని సంకర తేజం అప్పుడూ సగమే. మూడవ జాతి ఆబోతును వాడితే దూడలో సంకర తేజం గరిష్ఠ స్థాయిలో ఉంటుంది. కాని ఆ దూడలలోని పెయ్యలను నిలుపుకుంటే ఇదే ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది.

దీనికి మూడు పరిష్కారాలు ఆచరణలో ఉన్నాయి. మొదటిది తుది సంకరణం: మూడవ జాతి ఆబోతుకు పుట్టిన దూడలన్నింటినీ, పెయ్యలతో సహా, మాంసానికి అమ్మివేయడం. ఇందులో లాభం ఎక్కువ. కాని కొత్త తల్లి ఆవులను ఎల్లప్పుడూ వేరొక మంద నుండి తెచ్చుకోవాలి. రెండవది వంతుల సంకరణం: తరం తరానికి ఆబోతు జాతిని మార్చడం. రెండు జాతులతో గరిష్ఠ సంకర తేజంలో 67 శాతం, మూడు జాతులతో 86 శాతం నిలుస్తుంది. అయితే ప్రతి ఆవు తండ్రి జాతిని గుర్తుంచుకొని, మందను ఆ ప్రకారం విడదీయాలి. ఒకటి రెండు ఆబోతులు మాత్రమే ఉన్న చిన్న మందకు ఇది భారం.

మూడవది సమ్మిశ్ర జాతి. టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ షార్ట్‌హార్న్, బ్రాహ్మన్ రక్తాలను 5/8, 3/8 నిష్పత్తిలో స్థిరపరచి శాంటా గెర్‌ట్రూడిస్ జాతిని రూపొందించింది. 1920లో పుట్టిన 'మంకీ' అనే ఆబోతు దీనికి మూలపురుషుడు. అమెరికా ప్రభుత్వం 1940లో దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఆంగస్‌తో ఇదే నిష్పత్తిలో ఏర్పడినది బ్రాంగస్. జాతుల వాటాల వర్గాల మొత్తాన్ని ఒకటి నుండి తీసివేస్తే సమ్మిశ్ర జాతిలో నిలిచే సంకర తేజం తెలుస్తుంది. 5/8, 3/8 నిష్పత్తికి ఇది 1 – (25/64 + 9/64) = 30/64, అనగా సుమారు 47 శాతం. సంకర తేజంలో సగం పోయినా, ఒకే జాతి ఆబోతుతో మందను నడుపుకొనే సౌలభ్యం ఇందులో లభిస్తుంది.

ఎంపికలో అనుసరించవలసిన క్రమం

1. మందలోని ఆవుల జాతి, పరిమాణం, ఎన్నవ ఈతలో ఉన్నవో నమోదు చేయాలి. తొలిచూలు పెయ్యలను వేరుగా ఉంచి, వాటికి వేరే ఆబోతును నిర్ణయించాలి.

2. ఆవులలో ఉన్న ముఖ్యమైన లోటు ఏదో ఒక్కటి గుర్తించాలి. అన్ని గుణాలనూ ఒకే ఆబోతులో వెదకడం వలన ఏ గుణమూ పూర్తిగా లభించదు.

3. సహజ సంపర్కమా, కృత్రిమ గర్భధారణా అన్నది తేల్చుకోవాలి. సహజ సంపర్కమైతే ఆబోతు ఆ ప్రాంతంలో జీవించగలగాలి.

4. దూడలను కొనేవారు ఏ గుణానికి ధర ఇస్తారో, దేనికి తగ్గిస్తారో ముందుగా తెలుసుకోవాలి.

5. పుట్టబోయే పెయ్యలను అమ్ముతారా, నిలుపుకుంటారా అన్నది ఆబోతును కొనక ముందే నిర్ణయించాలి.

6. ఆ తరువాత జాతిని, ఆ జాతిలో ఆబోతును ఎంచుకోవాలి. వీర్య పరీక్ష, కాళ్లు, గిట్టలు, వృషణాల చుట్టుకొలత చూడాలి. ఐరోపా జాతుల ఆబోతుకు 15 నెలల లోపు వయస్సులో వృషణాల చుట్టుకొలత కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి.

తెలుగు ప్రాంతాలకు వర్తింపు

తెలుగు రాష్ట్రాలలో సంకరణ లక్ష్యం మాంసం కాదు, పాలు. లక్ష్యం వేరైనా పరిశీలించవలసిన అంశాలు అవే. చిన్న శరీరం గల దేశవాళీ ఆవుకు హోల్‌స్టీన్ వీర్యం వేయించి ఈతలో కష్టపడడం కంటే జెర్సీని ఎంచుకోవడం క్షేమం. సగం విదేశీ రక్తం ఉన్న పెయ్యకు మళ్లీ విదేశీ వీర్యమే వేయించుకుంటూ పోతే, మూడు నాలుగు తరాలలో ఎండను తట్టుకోలేని పశువు మిగులుతుంది. విదేశీ రక్తాన్ని 50 నుండి 62.5 శాతం మధ్య నిలపాలన్న సూచనకు కారణం ఇదే. హోల్‌స్టీన్, సాహివాల్ రక్తాలతో భారతదేశంలో రూపొందిన ఫ్రీస్వాల్ నిష్పత్తి కూడా 5/8, 3/8. వీర్యం వేయించడానికి వచ్చిన రైతును ఏ జాతి కావాలని అడిగే ముందు, ఆవు ఎన్నో ఈత, దాని తండ్రి ఏ జాతి, ఇంట్లో పచ్చిమేత ఎంత అన్నవి విస్తరణ శాస్త్రవేత్త అడగాలి.

ఒంగోలు విషయంలో మరొక బాధ్యత కూడా ఉంది. సంకర తేజం రెండు శుద్ధజాతుల మధ్య తేడా నుండి పుడుతుంది. ఆ జాతులలో ఒకటి సంకరంలో కలిసిపోతే తరువాతి తరాలకు తేజాన్నిచ్చే మూలం ఉండదు. బ్రెజిల్ పశుపోషకులు ఆంగస్ సంకరణాన్ని విస్తరించినప్పటికీ శుద్ధ నెలోర్ మందలను, వాటి వంశావళి పుస్తకాలను జాగ్రత్తగా కాపాడుకుంటున్నారు. 1960 దశకం ఆరంభంలో అక్కడికి చేరిన 'కర్వాడి' ఆబోతు పేరు నేటికీ నెలోర్ వంశావళులలో కనబడుతుంది. ఆ పేరు ఒంగోలు సమీపంలోని కరవది గ్రామానిది. దుక్కి పని ట్రాక్టరుకు మారిన తరువాత జాతి జన్మస్థానంలో శుద్ధమైన ఒంగోలు ఆవులను పోషించే రైతులకు ప్రోత్సాహం తగ్గింది. గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధన స్థానం వంటి సంస్థలు చేస్తున్న సంరక్షణ కృషికి గ్రామస్థాయిలో తోడ్పాటు అవసరం. మేలైన ఒంగోలు ఆవుకు ఒంగోలు వీర్యాన్నే సూచించి, జాతి లక్షణాలు లేని ఆవులకు మాత్రమే సంకరణాన్ని సూచించడం విస్తరణ సిబ్బంది చేయగల తోడ్పాటు.

ముగింపు

బ్రాహ్మన్, నెలోర్, ఆంగస్, షారోలే జాతులలో ప్రతి ఒక్కటీ ఒక మందకు సరైనది, మరొక మందకు తగనిది. ఆవులోని లోటు, ఆబోతు జీవించవలసిన వాతావరణం, దూడను కొనే అంగడి, పెయ్యల భవితవ్యం అన్న నాలుగింటినీ వరుసగా పరిశీలించినప్పుడు తగిన జాతి తానే తేలుతుంది. ఆ క్రమాన్ని విడిచి, ఆబోతు రూపాన్నో, పక్క మంద ఫలితాన్నో చూసి చేసిన ఎంపికకు మూల్యం ఈత సమయంలో, లేదా రెండవ తరంలో చెల్లించవలసి వస్తుంది. సంకరణం ఎంత విస్తరించినా దానికి ఆధారమైన శుద్ధజాతులను కాపాడుకోవడం కూడా ఆబోతు ఎంపికలో భాగమేనని విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు గుర్తించాలి.